తాడేపల్లిలో నదికి ఎదురుగా ఫ్లాట్: కొనాలా, ఆగాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకు ఉంటున్నారు. మీ వారి ఉద్యోగం గవర్నరుపేటలో. మీరు రోజూ బస్సులో గుంటూరు అరండల్‌పేట వెళ్లి పాఠాలు చెప్పి వస్తారు. బాబు ఎనిమిదో తరగతి, పాప అయిదు, ఇంట్లో డెబ్బై రెండేళ్ల అత్తగారు. కార్తీక పౌర్ణమి నాడు దీపాలు వదలడానికి కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం ఘాట్‌కు వెళ్లి, తిరుగుదారిలో తాడేపల్లిలో నదికి ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ చూశారు. ఆరో అంతస్తు బాల్కనీలోకి అడుగుపెట్టగానే అందరికీ మనసు పడింది. బిల్డరు అడ్వాన్సు కోసం తొందరపెడుతున్నాడు. కొనమంటారా, ఆగమంటారా అన్నది మీ ప్రశ్న.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చివరి పన్నెండేళ్లు గృహ రుణాల ఫైళ్లతోనే గడిచాయి. గాంధీనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, 2010 ఎండాకాలంలో నది దాటి సీతానగరం వచ్చేశాను. అంతకు ముందు అక్టోబరులో వచ్చిన వరదకు భయపడి ఒకాయన అమ్ముకున్న ఇల్లు నాకు దొరికింది. అప్పట్లో మా బంధువులంతా నాకు మతి పోయిందన్నారు. ఇప్పుడు వాళ్లే ‘మాకూ ఒకటి చూసిపెట్టు’ అంటున్నారు. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతాను, కాకపోతే కాస్త ఓపిగ్గా.

మీరు తాడేపల్లిని పెళ్లిచూపుల్లో చూశారు. కార్తీక మాసం, పున్నమి వెన్నెల, చలి ఇంకా ముదరలేదు, నదిలో ఇంకా నీళ్లున్నాయి, ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు. ఆ పూట ఎవరికి నచ్చదు? మళ్లీ ఒకసారి మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, ఇంకోసారి ఆగస్టులో ముసురు పట్టిన ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్లి చూడండి. మూడుసార్లు చూసినా నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం.

మొదట ఆ బాల్కనీ సంగతి. మీరు రాసిన గుర్తులను బట్టి ఆ అపార్ట్‌మెంట్ ప్రకాశం బ్యారేజీకి దిగువన, జాతీయ రహదారి నది దాటే కనకదుర్గ వారధికి దగ్గరలో ఉంది. ఇది చాలా ముఖ్యం, కానీ అమ్మేవాళ్లెవరూ దీని ఊసు ఎత్తరు. బ్యారేజీకి ఎగువన కృష్ణ ఏడాది పొడవునా చెరువులా నిండుగానే ఉంటుంది. నిల్వ నిండా మూడు టీఎంసీలే. అయినా విజయవాడ మంచినీళ్లూ, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం అవసరాలూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక దాన్ని ఎండనివ్వరు. దిగువన అలా కాదు. ఎగువ నుంచి వరద వచ్చి గేట్లు ఎత్తినన్ని రోజులే అక్కడ నది. గేట్లు దించాక నెలా రెండు నెలల్లో పాయలుగా చీలిపోతుంది. సంక్రాంతి దాటితే ఇసుక మేటలు, వాటి మీద జమ్ము, అక్కడక్కడా మడుగులు, క్రికెట్ ఆడే పిల్లలు. మీ బిల్డరు కాగితం మీద వేసిన నీలం రంగు నీళ్లు ఏడాదిలో మూడు నాలుగు నెలలు కనిపిస్తే అదృష్టం. వానలు సరిగా పడని ఏట అవీ ఉండవు.

ఇసుక కూడా అందమే, కాదనను. వేసవిలో వెన్నెల రాత్రి ఆ తెల్లటి మేటలు చూస్తుంటే నాకు నీళ్లకన్నా అవే నచ్చుతాయి. కానీ నదికి ఎదురుగా ఉందంటూ చదరపు అడుగుకు అదనంగా డబ్బు కడుతున్నప్పుడు, ఏది కొంటున్నారో తెలిసి కట్టాలి.

దానికి తోడు గాలి. మన ఒడ్డున నది ఉత్తరానికి, ఈశాన్యానికి ఉంటుంది. ‘ఉత్తరాన నీళ్లు, వాస్తు బ్రహ్మాండం’ అని ఏజెంటు మీ అత్తగారికి చెప్పే ఉంటాడు. వాస్తు మాట నాకు తెలియదు. ఎండాకాలం సాయంత్రాలు ప్రాణం లేచొచ్చేలా చేసే పైరగాలి మాత్రం దక్షిణం నుంచి వస్తుంది. అంటే నది కనిపించే ఫ్లాట్లకు ఆ గాలి తగలదు. వెనక వైపు, జాతీయ రహదారి కనిపించే చవక ఫ్లాట్లకు తగులుతుంది. మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో నది వైపు ఉన్నవాళ్లు మే నెలలో సాయంత్రం కుర్చీలు పట్టుకుని వెనక ఫ్లాటు వాళ్ల వరండాకు వస్తారు. నేను కళ్లారా చూసిన సంగతి ఇది.

ఇక అసలు విషయం వంతెన. తాడేపల్లిలో ఉండి బెజవాడలో పని చేసుకోవడమంటే రోజూ నది దాటడమే. మిగతావన్నీ, అంటే అద్దె, గాలి, ప్రశాంతత, పిల్లల ఆట స్థలం, అన్నీ దాని తరువాతే.

దాటడానికి మీకు రెండే దారులు. ఒకటి బ్యారేజీ, రెండోది వారధి. బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. నీళ్లు ఆపి కాలువలకు మళ్లించడం దాని అసలు పని, రోడ్డు ఆ పైన కలిసొచ్చిన సౌకర్యం. భారీ వాహనాలను దాని మీదకు రానివ్వరు. కార్లు, ఆటోలు, స్కూటర్లతోనే అది నిండిపోతుంది. మధ్యలో ఒక్క ఆటో ఆగిపోయిందంటే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. సీతానగరం వైపు దిగగానే ఉండవల్లికి, కరకట్టకు (వరద ఊళ్లోకి రాకుండా నది వెంట వేసిన మట్టికట్ట), తాడేపల్లికి దారులు చీలతాయి. బెజవాడ వైపు దిగగానే కొండ కింది రోడ్డు, ఘాట్ల జనం, కాలువ వంతెనలు, కాళేశ్వరరావు మార్కెట్ వైపు రద్దీ. ఇరుకంతా ఈ రెండు కొసల్లోనే ఉంది.

రిటైరయ్యే వరకు నేనూ స్కూటరు మీద గవర్నరుపేటే వెళ్లాను. మా ఇంటి నుంచి అయిదు కిలోమీటర్ల లోపే. ఎనిమిదింబావుకు బయలుదేరితే పావుగంటలో బ్యాంకు ముందు ఉండేవాణ్ణి. మా ఆవిడ ఉప్మా ఆలస్యం చేసి ఎనిమిది యాభైకి బయలుదేరిన రోజున నలభై నిమిషాలు. ఆ రోజుల కన్నా ఇప్పుడు వాహనాలు చాలా పెరిగాయి. వెలగపూడి సచివాలయానికి వెళ్లేవాళ్లు, వడ్డేశ్వరం వైపు కాలేజీలకు వెళ్లే పిల్లలు, అందరూ ఆ వేళకే రోడ్డెక్కుతారు. ఎవరైనా ప్రముఖుల కాన్వాయ్ వచ్చిందంటే ఇంకో పది నిమిషాలు. మీ వారు పది గంటలకు బ్యాంకులో కూర్చోవలసిన మనిషో, పదకొండుకు వెళ్లినా అడగని ఉద్యోగమో మీరు రాయలేదు. అందులోనే సగం జవాబు ఉంది.

కొన్ని రోజులు లెక్కలోంచి తీసేయాలి. దసరా పది రోజులు, అందులో మూలా నక్షత్రం రోజు మరీ, నగరంలో ట్రాఫిక్ మళ్లిస్తారు. డిసెంబరులో భవానీలు మాల విరమణకు వస్తారు. వరదకు గేట్లు ఎత్తినప్పుడు జనం బ్యారేజీ మీద బళ్లు ఆపి ఫొటోలు తీసుకుంటారు, పోలీసులు ఈలలు వేస్తూనే ఉంటారు. వరద మరీ పెరిగితే బ్యారేజీ మీద రాకపోకలు ఆపేస్తారు, అప్పుడు ఊరంతా వారధి మీదే. 2028లో కృష్ణా పుష్కరాలున్నాయి. కిందటిసారి, 2016 ఆగస్టులో, ఆ పన్నెండు రోజులూ నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఇంటికి వచ్చిన చుట్టాలకు కాఫీలు అందించడానికి కూడా ఒక మనిషి కావాలి కదా.

గొల్లపూడి దగ్గర నది దాటి వెంకటపాలెం వైపు దిగే పశ్చిమ బైపాస్‌తో రద్దీ తీరిపోతుందని ఏజెంటు చెప్పే ఉంటాడు. హైదరాబాదు నుంచి గుంటూరు, చెన్నై వెళ్లే లారీలకు అది మేలే. తాడేపల్లి నుంచి గవర్నరుపేటకు వెళ్లే మనిషి ఆ దారి పట్టడు.

ఇదంతా మీ వారి వైపు. మీ వైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. మీరు ఇప్పుడు సత్యనారాయణపురం నుంచి ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి గుంటూరు బస్సులో వారధి దాటి, మళ్లీ సాయంత్రం అంతా వెనక్కి. తాడేపల్లికి మారితే నది దాటే పనే మీకు పోతుంది. గుంటూరు సుమారు 30 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద నేరుగా. బస్సులకు కొదవ లేదు. అయితే బస్టాండులో ఎక్కితే సీటు దొరుకుతుంది, దారిలో ఎక్కితే మంగళగిరి దాకా నిలబడాలి, అదొక్కటే తేడా. కారులో వెళ్తారా, కాజ దగ్గర టోలు ఉంది, నెల పాసు ఖర్చు లెక్క వేసుకోండి. చాలామంది మరిచిపోయే దారి ఇంకొకటి ఉంది. తాడేపల్లిలో కృష్ణా కెనాల్ జంక్షన్ స్టేషన్ ఉంది, గుంటూరు లైనూ తెనాలి లైనూ అక్కడే విడిపోతాయి. ఆగే రైళ్లు తక్కువే. కానీ మీ బడి వేళకు ఒక్కటి కుదిరినా, అరండల్‌పేట గుంటూరు స్టేషను పక్కనే కనుక, ఆటో ఖర్చు కూడా లేకుండా వెళ్లి రావచ్చు. మీ వేళలు పెట్టుకుని రైళ్ల పట్టిక ఒకసారి చూడండి.

కనుక నా లెక్కలో ఈ మార్పు మీకు రోజుకు గంట దాకా మిగులుస్తుంది, మీ వారికి అరగంటో ముప్పావుగంటో తీసుకుంటుంది. పిల్లల బడి బెజవాడలోనే ఉంచితే వాళ్లిద్దరూ కూడా వంతెన మీదే. ఇంటిల్లిపాది లెక్క తీస్తే లాభం పెద్దగా తేలదు. పిల్లలను ఈ ఒడ్డున బడిలో చేరిస్తే తేలుతుంది. ఇక్కడ నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను. బాబు ఎనిమిదిలో ఉన్నాడు. మారిస్తే ఈ జూన్‌లో, తొమ్మిదిలోకి వెళ్లేటప్పుడు మార్చండి. లేదంటే పదో తరగతి పరీక్షలు అయ్యే దాకా ఆగండి. తొమ్మిది ముగిసి పదిలోకి అడుగుపెట్టే పిల్లవాడికి బడి, స్నేహితులు, ఇల్లు మూడూ ఒకేసారి మార్చకండి. మా పెద్దవాడి విషయంలో నేను ఆ తప్పే చేశాను. వాడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతాడు.

వరద గురించి భయంగా అడిగారు. అడగవలసిందే. కాకపోతే అందరూ భయపడే చోట కాకుండా వేరే చోట భయపడాలని నా అనుభవం.

కృష్ణకు బ్యారేజీ దగ్గర వరద 3.97 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) దాటితే మొదటి హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షలు దాటితే రెండోది. 2009 అక్టోబరులో 11 లక్షలు దాటింది. ఇక దాన్ని మించేది మన జీవితకాలంలో రాదనుకున్నాం. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు వచ్చింది. ఆ ముందు రాత్రి నేను నిద్రపోలేదు. గేట్లన్నీ ఎత్తిన రాత్రుల్లో మా ఇంట్లో గాజు గ్లాసుల అలమారా సన్నగా అదురుతుంది. మామూలుగా అది నాకు జోలపాటలా ఉంటుంది. ఆ రాత్రి మాత్రం మా ఆవిడ లేచి గ్లాసుల మధ్య గుడ్డలు కుక్కింది, ఆ చప్పుడు వినలేక. తెల్లవారి కరకట్ట ఎక్కి చూస్తే ఎర్రటి నీళ్లు, చెట్లు, గడ్డివాములు, ఎక్కడివో ప్లాస్టిక్ డ్రమ్ములు. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు తగులుకున్నాయి. వాటిని బయటికి తీయడానికి చాలా రోజులు పట్టింది.

అయినా మా వీధిలోకి నది రాలేదు. కరకట్ట నిలబడింది. అవతలి ఒడ్డున కృష్ణలంకను కూడా కొత్త రక్షణ గోడ కాపాడింది. అదే రోజుల్లో నదికి ఎంతో దూరంలో, ఊరికి ఉత్తరాన ఉన్న సింగ్‌నగర్ వాళ్లు డాబాల మీద రోజుల తరబడి ఉన్నారు. వాళ్లను ముంచింది బుడమేరు. గండ్లు పడి ఆ నీళ్లు ఊరి మీదకు వచ్చేశాయి. బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. కానీ కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లను అది తీసుకోలేదు.

మన ఒడ్డున కూడా ఇదే సూత్రం. ఇక్కడ బుడమేరు బదులు కొండవీటి వాగు. కొండవీడు వైపు కొండల్లో పుట్టి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది మట్టం వాగు మట్టాన్ని మించిందంటే వాగు వెనక్కి తన్ని పొలాల మీద పడుతుంది. అందుకనే ఉండవల్లి దగ్గర ఆ నీళ్లను తోడి నదిలో పోసే ఎత్తిపోతల పథకం పెట్టారు, 2018 నుంచి నడుస్తోంది. ఊళ్లోని మురుగు కాలువల పరిస్థితీ అంతే. నది ఎక్కువగా ఉన్నప్పుడు అవి నదిలోకి దిగలేవు. అదే సమయానికి పెద్ద వాన పడితే ఎక్కడి నీళ్లు అక్కడే నిలుస్తాయి. 2024లో మా గుమ్మం ముందు మోకాలి లోతున నిలిచినవి వాన నీళ్లే, కృష్ణ నీళ్లు కావు. చూడటానికి రెండింటికీ తేడా ఉండదనుకోండి.

కాబట్టి ఫ్లాట్ చూసేటప్పుడు నదికి ఎంత దూరం అని కొలవకండి. ఆ వీధి పక్క వీధికన్నా ఎత్తా పల్లమా, సెల్లార్‌లోంచి నీళ్లు ఎటు పోతాయి, కరెంటు మీటర్లూ జనరేటరూ సెల్లార్‌లో ఉన్నాయా పైన ఉన్నాయా, ఇవి చూడండి. ఆరో అంతస్తులో మీకు తడి తగలదు. కానీ సెల్లార్‌లో మీటర్లు మునిగితే లిఫ్టు లేదు, మోటారు లేదు, ట్యాంకులో నీళ్లు లేవు. డెబ్బై రెండేళ్ల మనిషి ఆరు అంతస్తుల మెట్లు ఎక్కలేరు. ఈ సంగతులు బిల్డరును అడగవద్దు. ఆ వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషిని అడగండి. ‘2024లో నీ బండి ఎక్కడికి జరిపావు?’ అంటే చెబుతాడు.

కాగితాలు. ఇది నా వృత్తి కనుక కొంచెం ఎక్కువ రాస్తాను, ఓర్చుకోండి.

ఈ ప్రాంతంలో కరకట్టే సరిహద్దు. కట్టకు ఊరి వైపు ఉన్న స్థలం వేరు, నది వైపు ఉన్న స్థలం వేరు. నది వైపు భూమి పట్టాదారుదే కావచ్చు, తరాలుగా అరటి తోట ఉండవచ్చు. అక్కడ కట్టిన ఇల్లు మాత్రం ఎప్పుడూ వివాదంలోనే ఉంటుంది. 2019లో కట్ట లోపలి కట్టడాలకు నోటీసులు ఇచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు చాలా ఏళ్ల ముందు నా బల్ల మీదకు ఒక ఫైలు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, జీతాలు బాగున్నాయి, అన్నీ సక్రమం. ప్లాను మీద సర్వే నంబరు చూసి, పాత గ్రామ పటం తెప్పించి వేలితో గీత వెంట పోతే ఆ స్థలం కట్టకు అవతల తేలింది. అమ్మకం దస్తావేజులో హద్దులు రాసేటప్పుడు ‘దక్షిణం: రోడ్డు’ అని రాశారు. ఆ రోడ్డు మరేదో కాదు, కరకట్టే! రుణం ఇవ్వలేమన్నాను. ఆయన నా మీద పై అధికారికి ఫిర్యాదు చేసి, మరో చోట అప్పు తెచ్చుకుని కొన్నాడు. తరువాత ఆ గోడకూ నోటీసు అంటించారు. ఆయన ఒకసారి రైతుబజారులో ఎదురై, ఏమీ అనకుండా నా చేతిసంచిలో రెండు మామిడికాయలు వేసి వెళ్లిపోయాడు. ఆ మామిడికాయల అర్థం నాకు ఇప్పటికీ తెలియలేదు.

మీది అపార్ట్‌మెంట్ కనుక దస్తావేజులో హద్దులు చదివి, సర్వే నంబరు తీసుకుని, సర్వేయరుతో ఆ పటం మీద చూపించుకోండి. ఆ నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. ఇక్కడ అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవాదాయ భూములు, లంక భూములు పక్కపక్కనే ఉంటాయి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, ముప్ఫై ఏళ్లకు తీయించండి. పదమూడేళ్లకు తీసి చేతిలో పెడితే ఒప్పుకోకండి. లింకు దస్తావేజులన్నీ అసలువి చూడాలి, జిరాక్సులు కాదు. ప్లాను ఎన్ని అంతస్తులకు ఆమోదించారో, ఎన్ని అంతస్తులు లేచాయో మీరే లెక్కపెట్టండి. ఇదేదో పెద్ద విద్య కాదు, రోడ్డు అవతల నిలబడి వేలితో లెక్కపెట్టడమే. ఆరో అంతస్తు అన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. ‘పెద్ద బ్యాంకు లోన్ ఇస్తోంది కదండీ, ఇంకేమి భయం’ అన్న మాటకు పడిపోకండి. బ్యాంకు చూసుకునేది తన అప్పు తిరిగి వస్తుందా అన్నదే. నేను అటువైపు కూర్చున్నవాణ్ణి.

ఇంకొకటి. తాడేపల్లి గుంటూరు జిల్లాలో ఉంది, బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలో. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిసి ఒకే నగరపాలక సంస్థ అయ్యాయి. అంటే రేపు మీ పన్ను, నీటి కుళాయి, ధ్రువపత్రం, ఏ పని ఉన్నా ఇటు మంగళగిరికో గుంటూరుకో వెళ్లాలి. మీరు రోజూ గుంటూరు వెళ్తారు కనుక మీకు ఇబ్బంది లేదు.

చిన్న చిన్న సంగతులు త్వరగా చెప్పేస్తాను. దోమలు ఉన్నాయి, సత్యనారాయణపురంలోనూ ఉన్నాయి కనుక చెల్లుకు చెల్లు. తొలకరిలో ఉసిళ్లు దీపం వెలిగించనివ్వవు. కట్ట దగ్గర పాములు తిరుగుతాయి, వరద వచ్చినప్పుడు ఇళ్లలోకి వస్తాయి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు గుర్రపుడెక్క కుళ్లి రెండు మూడు వారాలు వాసన వేస్తుంది. కొండలు దగ్గర కనుక రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. ఆస్పత్రులకు మాత్రం లోటు లేదు, వారధి దిగగానే పెద్ద ఆస్పత్రి ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. కూరగాయలు, పూలు ఉండవల్లి, పెనుమాక జరీబు పొలాల (నది పక్కన సారవంతమైన భూముల) నుంచి వస్తాయి. వేసవిలో ఇక్కడి మల్లెలు సాయంత్రం బుట్టలో చేరేసరికి ఇంకా విచ్చుకోవు. బెజవాడలో మీరు కొనేవి అప్పటికే సగం విచ్చుకుని ఉంటాయి.

ఇంతా చెప్పి నేను ఎందుకు ఇక్కడే ఉన్నానంటే, పొద్దున అయిదున్నరకు కరకట్ట మీద నడక కోసం. డిసెంబరులో నది మీద మంచు పొరలా పరుచుకుని, అవతలి ఒడ్డు కనిపించదు, కొండ మీది గుడి మైకు మాత్రం వినిపిస్తుంది. కొంగలు లేచే వేళకు ఎండ తగులుతుంది. ఇంటికి వచ్చి కాఫీ తాగుతాను. రిటైరైన మనిషికి ఇది సరిపోతుంది. ఉద్యోగం చేసిన రోజుల్లో, నిజం చెప్పాలంటే, వారానికి ఒక్క ఆదివారం తప్ప ఆ కట్ట ఎక్కలేదు. నది పక్కనే ఉండి నదిని చూడటానికి తీరిక లేని ఏళ్లు చాలా గడిచాయి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. కొనవద్దు, ఇప్పుడే కొనవద్దు. అలాగని మానుకోవద్దు కూడా. జూన్‌లో తాడేపల్లిలో ఒక ఏడాదికి అద్దెకు దిగండి. అదే అపార్ట్‌మెంట్ అవసరం లేదు. రెండో మూడో అంతస్తు, దక్షిణం గాలి వచ్చే ఇల్లు, బస్సు ఆగే చోటికి నడిచే దూరంలో చూసుకోండి. జూన్‌లో దిగితే మొదటి అయిదు నెలల్లోనే వరద కాలం, దసరా, ముసురులో వంతెన, అన్నీ చూసేస్తారు. కొంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను కలిపి ఏడున్నర శాతం వెంటనే పోతుంది. రెండేళ్లకు నచ్చలేదని అమ్మితే ఆ డబ్బు వెనక్కి రాదు. అద్దె ఇల్లు నచ్చకపోతే పోయేది లారీ బాడుగే. ధర పెరిగిపోతుందని బిల్డరు బెదిరిస్తాడు. ఈ ప్రాంతంలో ధరలు పెరగడమూ చూశాను, రాజధాని మాట మారినప్పుడు రాత్రికి రాత్రి కొనేవాడు లేకుండా పోవడమూ చూశాను. బిల్డరు తొందర బిల్డరుది, మీది కాదు.

ఆ ఏడాదిలో మీ వారు ఏ పూటకు ఆ పూట ఇంటికి చేరిన సమయం వంటింటి క్యాలెండరులో రాయండి. పంచాంగం గళ్లలో పాలవాడి లెక్క రాస్తాం కదా, అలాగే. వచ్చే జూన్‌కు ఆ క్యాలెండరు తిరగేస్తే సలహా కోసం నా దాకా రానవసరం ఉండదు.

చివరగా ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు ఉత్తరంలో మీ వారి ఆఫీసు, మీ బడి, పిల్లల చదువు, బాల్కనీ అన్నీ రాశారు. కొత్త ఇంట్లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఉండే మనిషి ఒక్కరే, మీ అత్తగారు. సత్యనారాయణపురంలో ఆవిడకు గుడి నడిచే దూరంలో ఉంటుంది, సాయంత్రం అరుగు మీద కూర్చునే నలుగురు ఉంటారు, ఒంట్లో బాగాలేకపోతే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. ఆరో అంతస్తులో తలుపులన్నీ మూసి ఉంటాయి. మా అమ్మను ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు మొదటి ఏడాదంతా ఆవిడ వారానికి రెండుసార్లు ఆటో ఎక్కి గాంధీనగర్ వెళ్లేది, మందుల కోసమని చెప్పి. మందులు మా వీధిలోనే దొరికేవి. పౌర్ణమి నాడు ఆ బాల్కనీలో అందరికీ మనసు పడిందని రాశారు. ఆ అందరిలో ఆవిడ ఉన్నారా?